ఐదేళ్ల పీహెచ్‌డీ, ఇరవయ్యేళ్ల భయం

బడికి పోనని మొండికేసే తొమ్మిదేళ్ల పిల్లవాణ్ని చిల్లకూరు నుంచి నెల్లూరుకు తీసుకెళ్లి మెదడుకు ఎంఆర్‌ఐ తీయించారనుకుందాం. గడ్డ ఏదైనా ఉంటే ఆ ఫిల్ములో కనిపిస్తుంది. ఎక్కడైనా రక్తస్రావం జరిగి ఉంటే కనిపిస్తుంది. వాడి భయం మాత్రం కనిపించదు. ఆందోళన జబ్బు ఉందా, మందు పనిచేస్తుందా, పెద్దయ్యాక తగ్గుతుందా అన్నవి ఒక్క పిల్లవాడి విషయంలో తేల్చి చెప్పగల స్కాన్ ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేదు. చెప్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకూడదు.

పిల్లల భయాన్ని మెదడు చిత్రాల్లో వెతకడం మొదలై పాతికేళ్లు దాటింది. ఎందరో దీన్నే జీవితకాలపు పనిగా పెట్టుకున్నారు. మరి దొరికిందేమిటి? దొరికిందనుకున్నది ఎందుకు చేజారింది? మన వైపు నుంచి ఈ పనిలోకి దిగే యువతీ యువకులకు ఏం మిగిలి ఉంది? ఈ సమీక్ష చూడబోయేది ఈ మూడింటినే. ఇందులో ఒక అభిప్రాయం కూడా ఉంది, దాన్ని ముందే చెప్పేస్తాను. ఈ రంగంలో నిలబడిన పని చాలావరకు ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి వదలకుండా చూసినవాళ్లది. పడిపోయిన పని చాలావరకు పరిశోధకుడి ఉద్యోగ గడువుకు సరిపోయేలా కత్తిరించుకున్నది.

భయం ఎప్పుడు జబ్బు?

భయం లేకుండా పెరిగే బిడ్డ ఉండదు. ఎనిమిది నెలలప్పుడు కొత్త మొహం చూస్తే ఏడుపు, మూడు నాలుగేళ్లప్పుడు చీకటి, కుక్క, బడి ఈడులో ఉరుములు, మాస్టారి బెత్తం, పన్నెండు దాటాక నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ. ఇవి వయసుతో వస్తాయి, వయసుతో పోతాయి. పోకుండా నెలల తరబడి నిలిచిపోయి చదువుకు, ఆటకు, నిద్రకు అడ్డం పడితే దాన్ని వైద్యులు ఆందోళన జబ్బు అంటారు. అమ్మను విడవలేకపోవడం, నలుగురిలో నోరు పెగలకపోవడం, ప్రతిదానికీ ఏదో అయిపోతుందని బెంగపడటం పిల్లల్లో ఎక్కువగా కనిపించే రూపాలు.

పిల్లలు ఇలాంటివి చెప్పరు. ఒళ్లు చెబుతుంది. "బడికి పోనంటా ఉండాడు సార్. తెల్లారితే కడుపు నొప్పంటాడు, ఆదివారమైతే ఏం ఉండదు," అని తల్లి చెప్పే మాటలోనే సగం రోగనిర్ధారణ ఉంది. కానీ ఆ మాట చేరాల్సిన చోటికి చేరేలోపు చాలా మలుపులు తిరుగుతుంది. ముందు దడుచుకున్నాడని తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు. తర్వాత ఊళ్లోని ఆర్‌ఎంపీ గ్యాస్‌కు బిళ్లలిస్తాడు. ఆపైన పట్నంలో కడుపుకు స్కానింగ్. అందులో ఏమీ లేదని తేలితే, వేషాలు వేస్తున్నాడని నాలుగు తగిలించి బడికి పంపుతారు.

ఇలాంటి పిల్లలు ఎందరు? 2005లో శోభా శ్రీనాథ్ బృందం బెంగళూరు నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 2,064 మంది పిల్లల్ని పరిశీలించి, 16 ఏళ్లలోపు వారిలో ఏదో ఒక మానసిక సమస్య ఉన్నవాళ్లు సుమారు 12.5 శాతమని తేల్చింది. 2015-16లో జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, మహానగరాల్లో అది 13.5 శాతమైతే పల్లెల్లో 6.9 శాతమని చెప్పింది. పల్లెల అంకె చూసి ఊరట పడొచ్చు. అడిగే పద్ధతి పల్లె పిల్లల దాకా సరిగ్గా వెళ్లలేదనీ అనుకోవచ్చు. రెంటిలో ఏది నిజమో మన విషయంలో చెప్పడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు.

చిల్లకూరు లాంటి తీర మండలంలో ఈ లోటు మరీ పెద్దది. ఒక పక్క జాతీయ రహదారి, ఇంకో పక్క ఉప్పుటేర్లు, రొయ్యల గుంటలు, సిలికా ఇసుక తవ్వకాలు. రాత్రుళ్లు గుంటల కాడ కాపలా ఉండే నాన్నలు, హాస్టళ్లలో చదివే పిల్లలు. 1984 నవంబరు తుపాను, 2004 డిసెంబరు సునామీ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను, మధ్యలో లెక్కలేనన్ని వాయుగుండాలు చూసిన తీరమిది. తుపాను తర్వాత పిల్లల మనసుకు ఏమవుతుందో పక్క రాష్ట్రంలో కొంత తెలుసు. 1999 సూపర్ సైక్లోన్ దాటిపోయిన 14 నెలలకు ఒడిశాలో 108 మంది కౌమార వయసు పిల్లల్ని పరీక్షిస్తే 26.9 శాతం మందిలో ఆ విపత్తు మిగిల్చిన మానసిక గాయం జబ్బుగా మారి ఉంది. 12 శాతం మందిలో ప్రతిదానికీ బెంగపడే ఆందోళన జబ్బు ఉంది. చిన్న అధ్యయనమే అయినా, నీళ్లు తీశాక కూడా భయం తీయలేదని చెప్పడానికి అది చాలు.

వెంట ఉన్నవాళ్లు చూసింది

ఈ రంగంలోకి స్కానర్లు రాకముందే దీనికి పునాది వేసినవాడు హార్వర్డ్ మనస్తత్వవేత్త జెరోమ్ కేగన్. ఆయన చేసిన పని వినడానికి చాలా మామూలు. నాలుగు నెలల పసిపిల్లల ముందు రంగురంగుల బొమ్మలు ఊపి, కొత్త గొంతులు వినిపించి, కొత్త వాసనలు చూపించాడు. అయిదుగురిలో ఒకరు కాళ్లూ చేతులూ కొట్టుకుని ఏడ్చారు. అయిదుగురిలో ఇద్దరు నిమ్మళంగా చూస్తూ ఉండిపోయారు. ఏడ్చినవాళ్లలో చాలామంది రెండేళ్లకు కొత్తవాళ్లను చూస్తే తల్లి కొంగు వదలనివాళ్లయ్యారు.

అలా రెండేళ్లప్పుడు గుర్తించిన పిల్లలే పెద్దయ్యాక, 2003లో కార్ల్ ష్వార్ట్జ్ కేగన్‌తో కలిసి వాళ్లలో 22 మందిని స్కానర్‌లో పడుకోబెట్టాడు. కొత్త మొహాలు చూపించినప్పుడు, ఒకనాటి బిడియస్థుల మెదళ్లలో అమిగ్డాలా అనే చిన్న భాగం ఎక్కువగా స్పందించింది. 22 మంది ఎక్కువ సంఖ్యేం కాదు. కానీ ఆ 22 మందికి వెనకాల ఇరవయ్యేళ్ల రికార్డు ఉంది. ఆ వ్యాసం బరువంతా అక్కడిదే.

మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో నేథన్ ఫాక్స్ ఇదే పనిని ఇంకా దూరం తీసుకెళ్లాడు. నాలుగు నెలల వయసులో చేర్చుకున్న పిల్లల్ని 26 ఏళ్లు వచ్చేదాకా ఆయన బృందం వదల్లేదు. 14 నెలలప్పుడు కొత్తదనానికి ముడుచుకుపోయిన పిల్లలు 26 ఏళ్లకు నలుగురిలో తక్కువ మాట్లాడే, తమలో తాము ఉండే మనుషులయ్యారని 2020లో ప్రకటించారు. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2012 నాటి విశ్లేషణ ఒకటి ఉంది. చిన్నప్పుడు బిడియంతో ముడుచుకుపోయే పిల్లల్లో 43 శాతం మందికి తర్వాత నలుగురిలో మెలగలేని ఆందోళన జబ్బు వచ్చింది. మిగతా పిల్లల్లో అది 12 శాతమే.

ఈ 43లో రెండు సంగతులున్నాయి. ముప్పు నిజం. అలాగే, బిడియస్థుల్లో సగం కంటే ఎక్కువ మందికి జబ్బు రాలేదన్నదీ నిజమే. బిడ్డ సిగ్గరి అని చెప్పుకునే తల్లిదండ్రులకు ఈ రెండో సంగతి ముందు చెప్పాలి.

స్కానర్ గదిలో

1990లో బెల్ ల్యాబ్స్‌లో సేజీ ఒగావా రక్తంలోని ఆక్సిజన్ తేడాను ఎంఆర్‌ఐ పట్టుకోగలదని చూపించాడు. రెండేళ్లలో దాన్ని మనుషుల మీద వాడారు. మెదడులో ఒక చోట పని పెరిగితే అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది. యంత్రం చూసేది ఆ రక్తాన్నే, ఆలోచనను కాదు. పైగా ఆ మార్పు ఐదారు సెకన్లు ఆలస్యంగా తెలుస్తుంది. ఊళ్లో ఏ వీధిలో కరెంటు ఎక్కువ కాలుతోందో మీటర్లు చూసి, ఏ ఇంట్లో పెళ్లి జరుగుతోందో చెప్పబోవడం లాంటి పని ఇది. చెప్పొచ్చు, పొరబడనూ వచ్చు.

సూదిమందు, రేడియేషన్ ఏవీ లేవు కాబట్టి పిల్లలకు ఇది సురక్షితం. అందుకే 2000 ప్రాంతంలో పిల్లల ఆందోళన పరిశోధకులంతా ఇటు మళ్లారు. 2001లో కేథలీన్ థామస్ బృందం, ఆందోళన జబ్బున్న పిల్లలకు భయపడుతున్న మొహాల ఫొటోలు చూపించి, వాళ్ల అమిగ్డాలా మిగతా పిల్లలకంటే ఎక్కువగా స్పందిస్తోందని చెప్పింది. ఆ జబ్బున్న పిల్లలు 12 మంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో డేనియల్ పైన్ ప్రయోగశాల ఈ ప్రశ్నకు పెద్ద కేంద్రమైంది. అమిగ్డాలా అదుపు తప్పుతుంది, నుదుటి వెనక భాగం దాన్ని పట్టి ఉంచలేకపోతుంది అన్న కథ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

ఆ గదిలో అసలేం జరుగుతుందో దగ్గరగా చూడాలి. ఎనిమిదేళ్ల అమ్మాయి వస్తుంది. చెవి కమ్మలు, కాలి పట్టీలు, జడ పిన్నులు, మొలతాడుకున్న తాయెత్తు అన్నీ తీయాలి. అయస్కాంతం ఉన్న గదిలోకి లోహం పోకూడదు. ముందుగా నకిలీ స్కానర్‌లో పడుకోబెట్టి అలవాటు చేస్తారు. దాంట్లో అయస్కాంతం ఉండదు, రికార్డు చేసిన మోత ఉంటుంది. తర్వాత అసలుది. చెవులకు ప్లగ్గులు, పైన హెడ్‌ఫోన్లు పెట్టినా టకటకమనే చప్పుడు ఆగదు. తలకు చట్రం తొడుగుతారు. పక్కల దిండ్లు కుక్కుతారు. చేతిలో ఒక రబ్బరు బంతి పెట్టి, "భయమేస్తే నొక్కమ్మా, వెంటనే తీసేస్తాం," అంటారు. కంటి ముందు అద్దంలో మొహాలు ఒకటొకటిగా వస్తుంటాయి. మగ మొహమో ఆడ మొహమో బటన్ నొక్కి చెప్పాలి. పాప తుమ్మినా, కాలు గోక్కున్నా, తల రెండు మూడు మిల్లీమీటర్లు జరిగినా ఆ కాసేపటి చిత్రం పాడైనట్టే. ఎక్కువ జరిగితే పాపను లెక్కలోంచి తీసేస్తారు.

ఇందులోనే ఒక చిక్కు ఉంది. అసలు భయస్థులైన పిల్లలు ఆ గొట్టంలోకి రారు. వచ్చినా బంతి నొక్కుతారు. చివరిదాకా కదలకుండా పడుకున్నవాళ్లు సాధారణంగా కాస్త ధైర్యస్థులు. భయాన్ని చదవాలనుకున్న పరీక్ష, ఎక్కువ భయం ఉన్నవాళ్లను గుమ్మం దగ్గరే వడకట్టేస్తుంది.

ఇంకో చిక్కు లోతైనది. అమిగ్డాలాయే భయమా? వైద్య గ్రంథాల్లో ఎస్.ఎం. అనే అక్షరాలతో మాత్రమే తెలిసిన ఒక మహిళకు అరుదైన జబ్బు వల్ల రెండు వైపులా అమిగ్డాలా పాడైపోయింది. పాములన్నా, భయపెట్టే సినిమాలన్నా ఆమెకు లెక్కలేదు. కానీ 2013లో ఆమె చేత కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలి పీల్పిస్తే, ఊపిరాడక హడలిపోయింది. అమిగ్డాలా లేకపోయినా భయం వచ్చింది. 2016లో జోసెఫ్ లెడూ, డేనియల్ పైన్ కలిసి ఒక దిద్దుబాటు ప్రతిపాదించారు. ముప్పు రాగానే ఒళ్లు స్పందించే యంత్రాంగం ఒకటి, నాకు భయంగా ఉందని మనిషికి తెలిసే యంత్రాంగం వేరొకటి అన్నారు. గుండె దడను మందు తగ్గించినంత మాత్రాన బెంగ తగ్గకపోవడానికి ఇది ఒక వివరణ. ఈ రంగం ఇచ్చిన ఆలోచనల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. దీన్ని రాసినవాళ్లిద్దరూ తాము దశాబ్దాలుగా కట్టిన గోడనే కొంత పగలగొట్టారు.

పగుళ్లు

ఆ దిద్దుబాటుకు ముందూ వెనకా ఎక్కువగా పగలగొట్టుడే నడిచింది. 2009లో క్రెయిగ్ బెనెట్ చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించాడు. వేల బిందువుల్ని ఒకేసారి పరీక్షించేటప్పుడు చేయాల్సిన సవరణ చేయకపోతే, చచ్చిన చేప మెదడు కూడా పనిచేస్తున్నట్టు లెక్క తేలుతుందని చూపించాడు. అందరూ నవ్వారు. దానికి 2012లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి వచ్చింది. కానీ సవరణ చేయకుండా అచ్చయిన వ్యాసాలు అప్పటికే బోలెడున్నాయి.

పిల్లల విషయంలో గట్టి దెబ్బ 2012లో తగిలింది. చిన్నపిల్లల మెదడులో దగ్గరి భాగాల మధ్య సంబంధాలు బలంగా ఉంటాయి, ఎదిగేకొద్దీ దూరపు సంబంధాలు పెరుగుతాయి అని అప్పటిదాకా గట్టిగా చెప్పేవారు. సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ పవర్ బృందం తల కదలికను నిశితంగా లెక్కగట్టింది. తల కొద్దిగా కదిలినా సరిగ్గా అలాంటి తేడాయే పుడుతుందని తేలింది. చిన్నపిల్లలు ఎక్కువ కదులుతారు, పెద్దపిల్లలు తక్కువ కదులుతారు. ఎదుగుదల అనుకున్నదానిలో కొంత భాగం నిజానికి కుదురుగా పడుకోవడమే. ఆ తప్పును బయటపెట్టింది, ఎదుగుదల కథను ముందు చెప్పినవాళ్లలో ఒకరైన ప్రయోగశాలే.

2020లో మాక్స్‌వెల్ ఎలియట్ బృందం ఇంకో ప్రశ్న వేసింది. ఒకే మనిషిని ఒకే పనితో రెండుసార్లు స్కాన్ చేస్తే ఒకటే జవాబు వస్తుందా? 90 ప్రయోగాలు కలిపి చూస్తే, పొంతన కొలత 1కి గాను సుమారు 0.4 దగ్గర ఆగింది. ఒక మనిషి గురించి తీర్పు చెప్పడానికి అది చాలదు. 2021లో 28 పరిశోధన కేంద్రాలు తమ చిత్రాలన్నీ ఒకచోట చేర్చాయి. ప్రతిదానికీ బెంగపడే ఆందోళన జబ్బున్న 1,020 మందినీ, జబ్బు లేని 2,999 మందినీ పోల్చి చూశారు. మెదడు భాగాల పరిమాణంలో, పై పొర మందంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. 2022లో స్కాట్ మారెక్ బృందం సుమారు 50,000 మంది చిత్రాలతో లెక్క కట్టింది. మెదడు తీరుకూ మనిషి స్వభావానికీ మధ్య నమ్మదగ్గ సంబంధం తేల్చాలంటే వేలమంది కావాలని చెప్పింది. అప్పటిదాకా అచ్చయిన అధ్యయనాల్లో మధ్యస్థ సంఖ్య పాతిక.

పాతికే ఎందుకు? ఎంఆర్‌ఐకి గంటల లెక్కన డబ్బు కట్టాలి. పీహెచ్‌డీకి అయిదేళ్లు. పిల్లల్ని చేర్చుకోవడానికి ఒక ఏడు, స్కాన్లకు ఒక ఏడు, లెక్కలకు ఒక ఏడు పోగా మిగిలిన కాలంలో వ్యాసం రాయాలి. ఆ గడువులో ఒక విద్యార్థి చేతికందేది పాతిక ముప్పై మంది పిల్లలే. తర్వాత పోస్ట్‌డాక్ రెండు మూడేళ్లు, అప్పటికి ఇంకో పాతికమంది, ఇంకో ప్రశ్న. ఉద్యోగం ఇచ్చే కమిటీ అడిగేది ఎన్ని వ్యాసాలు, ఏ పత్రికలో అని. ఎవరి బుద్ధీ చెడ్డది కాదు. గడువు చిన్నది కాబట్టి బృందాలు చిన్నవయ్యాయి, బృందాలు చిన్నవి కాబట్టి ఫలితాలు తేలికయ్యాయి.

అమెరికా దీనికి వెతుక్కున్న మందు, పనిని ఒక్కరి చేతిలోంచి తీసి నలుగురికీ పంచడం. ఏబీసీడీ అనే అధ్యయనంలో 21 కేంద్రాలు 9-10 ఏళ్ల పిల్లలు 11,800 మందికి పైగా చేర్చుకుని పదేళ్లు వెంట ఉంటామని మొదలుపెట్టాయి. ఆ సమాచారం అనుమతి పొందిన బయటి పరిశోధకులకూ అందుతుంది.

వైద్యం ఎక్కడిదాకా వచ్చింది

ఇంత చదివాక, మరి పిల్లలకు మేలు జరిగిందా అని ఎవరైనా అడుగుతారు. జరిగింది. ఎక్కువగా స్కానర్ లేకుండానే జరిగింది. 2008లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 488 మందికి 12 వారాల చికిత్స ఇచ్చారు. భయపడేదాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కోవడం నేర్పే మాటల చికిత్సతో 59.7 శాతం మంది బాగుపడ్డారు. సెర్ట్రాలిన్ మాత్రతో 54.9 శాతం, రెండూ కలిపితే 80.7 శాతం, ఉత్తుత్తి మాత్రతో 23.7 శాతం.

యేల్‌లో ఎలీ లెబోవిట్జ్ 2020లో ఇంకో మెట్టు ఎక్కాడు. ఆయన పద్ధతిలో పిల్లలు ఆస్పత్రికి రానే అక్కర్లేదు. తల్లిదండ్రులకే శిక్షణ. పిల్లవాడు భయపడుతున్నాడని పక్కన పడుకోబెట్టుకోవడం, వాడి తరఫున తామే జవాబు చెప్పడం, బడి మాన్పించడం ఒకటొకటిగా తగ్గించాలి. తగ్గించేటప్పుడు కసురుకోకూడదు. "నీకు కష్టంగా ఉందని తెలుసు, అయినా నువ్వు చేయగలవు," అని చెప్పాలి. 124 మంది పిల్లల మీద చేసిన పోలికలో ఇది పిల్లలకు నేరుగా ఇచ్చే మాటల చికిత్సకు తీసిపోలేదు. మండలంలో సైకాలజిస్టు దొరకని మనలాంటి చోట్లకు ఈ ఫలితం చాలా ముఖ్యం. శిక్షణ ఇవ్వాల్సింది అమ్మానాన్నలకే అయితే ఆ పనిలో ఒక ఏఎన్‌ఎం, ఒక బడి పంతులు, ఒక ఆశా కార్యకర్త కూడా చేయి వేయగలరా? తెలుగులో పరీక్షించి చూడదగ్గ ప్రశ్న ఇది.

మన దగ్గర ఉన్నది

తెలుగు నేల ఈ విషయంలో వట్టి చేతులతో లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రం ఉంది. అక్కడా, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోనూ పనిచేసిన సూరంపూడి బాపిరాజు మెదడు చిత్రాలనూ కంప్యూటర్ నమూనాలనూ కలిపి చదివే పనిలో ఒక తరం విద్యార్థుల్ని తయారుచేశారు. అదే ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం 2019లో 100 మంది భారతీయుల స్కాన్లతో మెదడు పటం తయారుచేసింది. అంతకుముందు అందరూ వాడుతూ వచ్చింది మాంట్రియల్‌లో పాశ్చాత్యుల మెదళ్లతో చేసిన నమూనా. దాంతో పోలిస్తే మన సగటు మెదడు పొడవు, వెడల్పు, ఘనపరిమాణం తక్కువని తేలింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు. కొలిచే బద్ద తేడా అయితే కొలత తప్పుతుంది, అంతే. ఆ వందమందీ 21-30 ఏళ్ల వాళ్లు. పిల్లల లోటును 2020లో నిమ్హాన్స్ పరిశోధకులు తీర్చారు. 6 నుంచి 60 ఏళ్ల వరకు ఐదు వయోబృందాలకు వేర్వేరు నమూనాలు ఇచ్చారు.

పిల్లల మనసునూ మెదడునూ కలిపి చూసే అతిపెద్ద భారతీయ ప్రయత్నం నిమ్హాన్స్ ముందుండి నడిపిన సీవేడా. బ్రిటన్‌తో కలిసి, దేశంలో ఏడు కేంద్రాల్లో, 6 నుంచి 23 ఏళ్ల వాళ్లను తొమ్మిది వేలమంది దాకా చేర్చుకున్నారు. అందరికీ ప్రశ్నలు, కొందరికి ఎంఆర్‌ఐ. ఏడింటిలో ఒకటి మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ. చుట్టుపక్కల పల్లెల తెలుగు పిల్లలు ఈ లెక్కలో ఉన్నారు. దాని ప్రధాన ప్రశ్న ఆందోళన కాదు, దుడుకు ప్రవర్తన, వ్యసనాలు. కానీ పునాది అదే.

మెదడు సంగతి పక్కనపెడితే, ఏళ్ల తరబడి వెంట ఉండటం తెలుగువాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1987-90లో దగ్గరి పల్లెల్లో గర్భిణులకూ పిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చి చూసింది. అప్పుడు పుట్టిన పిల్లల్ని 2003లో వెతికి పట్టుకున్నారు. 2010 తర్వాత కూడా మళ్లీ పట్టుకున్నారు. 29 ఊళ్లు, రెండు దశాబ్దాలు. గుండె, షుగరు, ఎముకల గురించి ప్రపంచం వాడుకునే సమాచారం అందులోంచి వచ్చింది. 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల వెంట నడిచింది. కొవిడ్ కాలంలో ఫోన్ చేసి వాళ్ల ఆందోళన, దిగులు గురించి కూడా అడిగింది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ అందులో ఉన్నాయి. నెల్లూరు తీరం లేదు.

ఈ దారిన పోదలచినవాళ్లకు

దారులు మూడు. ఎంబీబీఎస్, ఆపైన సైకియాట్రీ ఎండీ, ఆ తర్వాత పిల్లల సైకియాట్రీ. సైకాలజీ ఎంఏ చేసి క్లినికల్ సైకాలజీలోకి పోవడం. ఇంజనీరింగ్ చదివి చిత్రాల విశ్లేషణ వైపు రావడం. మొదటిదాంట్లో జీతం ముందొస్తుంది, పరిశోధనకు తీరిక ఉండదు. మూడోదాంట్లో పేపర్లు త్వరగా వస్తాయి, పిల్లల్ని చూడకుండానే ఉద్యోగం గడిచిపోవచ్చు. రెండోది మధ్యలో నలుగుతుంది. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000. స్వతంత్రంగా నిలబడే దశకు వచ్చినవాళ్లకు హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉన్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు ఉన్నాయి.

ఏ దారిన వచ్చినా పై సమీక్ష చెప్పే పాఠం ఒకటే. పాతికమందితో ఇంకో అమిగ్డాలా వ్యాసం రాయకండి. ఉచితంగా దొరికే పెద్ద సమాచారంతో లెక్కలు నేర్చుకోండి. సొంతంగా చేసే పని మాత్రం ఇంకెవరూ చేయలేనిదై ఉండాలి. చిల్లకూరు మండలంలో అలాంటి పని ఉంది. అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ప్రతి బిడ్డ పేరూ ఉంటుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. ఆశా కార్యకర్తకు ఏ కుటుంబం వలస పోయిందో, ఏ నెలలో తిరిగొస్తుందో తెలుసు. అయిదేళ్ల బిడ్డలు వెయ్యిమందిని చేర్చుకుని పదిహేనేళ్లు వదలకుండా ఉండటానికి కావాల్సిన గట్టు అక్కడ వేసే ఉంది.

తొలి ఏళ్లలో స్కానర్ అక్కర్లేదు. పిల్లలు భయాన్ని చెప్పుకునే తీరుకు తగ్గ ప్రశ్నలు కావాలి. ఇంగ్లీషు ప్రశ్నపత్రం తర్జుమా చేస్తే పని జరగదు. కడుపు నొప్పి, కాళ్లు లాగడం, రాత్రి ఉలికిపడటం, పక్క తడపడం అడగాలి. తుపాను హెచ్చరిక వచ్చిన వారం విడిగా అడగాలి, హాస్టల్‌లో చేరిన నెల విడిగా అడగాలి. పిల్లవాడి వైపు నుంచి సమ్మతి కూడా కావాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం 7 ఏళ్లు నిండిన పిల్లలు నోటితో, పన్నెండేళ్ల ప్రాంతం నుంచి 18 లోపు వాళ్లు రాతతో ఒప్పుకోవాలి. తల్లిదండ్రులు సంతకం పెట్టారు కదా అని లాక్కెళ్లకూడదు. సమస్య కనిపించిన పిల్లవాణ్ని లెక్కలో రాసుకుని వదిలేయడం కూడా తప్పే. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరు తెలుగులోనూ పలుకుతుంది, అక్కడితో మొదలుపెట్టి నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల దాకా ఒక దారి ముందే మాట్లాడి పెట్టుకోవాలి. పిల్లలు పదేళ్లకు వచ్చాక, అన్ని వివరాలూ చేతిలో ఉన్నాక, అప్పుడు కొందరిని స్కాన్‌కు తీసుకెళ్తే ఆ చిత్రానికి అర్థం ఉంటుంది.

అడ్డు ఒకటే, అది డబ్బు కాదు. ఇలాంటి పనిలో తొలి ఏడెనిమిదేళ్లూ చెప్పుకోదగ్గ వ్యాసం రాదు. మన విశ్వవిద్యాలయాలు పదోన్నతికి వ్యాసాలనే లెక్కపెడుతున్నంత కాలం ఏ తెలివైన యువకుడూ, యువతీ ఇటు రారు, వస్తే నష్టపోతారు. కాబట్టి ఈ ప్రశ్నలో తర్వాతి అడుగు పరిశోధకుల చేతిలో లేదు, వాళ్లకు ఉద్యోగం ఇచ్చే కమిటీల చేతిలో ఉంది. ఎన్ని వ్యాసాలు రాశావని అడిగేచోట, చేర్చుకున్న పిల్లల్లో ఎందరు ఇంకా నీ లెక్కలో ఉన్నారని అడగడం మొదలుపెడితే చాలు. ఆ ఒక్క ప్రశ్న మారకుండా జిల్లాకో స్కానర్ కొన్నా ఉపయోగం లేదు.